తీర్మానం అయింది, కాలువ కాలేదు

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలోని ఒక మున్సిపాలిటీ. మా వీధి చివర ఏడాది పొడవునా మురుగు నిలిచే ఉంటుంది. అక్కడ 140 మీటర్ల సిమెంటు కాలువ కట్టడానికి కౌన్సిల్ తీర్మానం చేసిందని మా వార్డు కౌన్సిలర్ చెప్పి 14 నెలలయింది. ఇంతవరకు తట్ట మట్టి కూడా తీయలేదు. ఇంజినీరింగ్ విభాగంలో అడిగితే నిధులు లేవంటున్నారు. తీర్మానం నకలు ఇవ్వమంటే మినిట్స్ పుస్తకం బయటివారికి చూపించకూడదన్నారు. కౌన్సిల్ గడువు తీరితే పాత తీర్మానాలు వాటంతట అవే రద్దవుతాయని ఒక గుమాస్తా చెప్పారు. తీర్మానాన్ని అమలు చేయించమని కోర్టుకు వెళ్లవచ్చా? కౌన్సిల్ సమావేశానికి వెళ్లి నేనే మాట్లాడవచ్చా? కాలువ వచ్చేదాకా ఇంటిపన్ను కట్టవద్దని మా వీధివాళ్లు అంటున్నారు. అది సరైనదేనా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయిని

జవాబు: టీచరు గారూ, కోర్టు సంగతి కాసేపు పక్కన పెడదాం. ఆ తీర్మానాన్ని మీరు కళ్లారా చూశారా? ఉత్తరాన్ని బట్టి చూస్తే లేదు. కౌన్సిలర్ చెప్పగా విన్నారు. ఆయన అబద్ధం చెప్పారని నేను అనడం లేదు. కాని ‘తీర్మానం అయింది’ అనే మాటలో నాలుగైదు రకాల సంగతులు ఇమిడిపోతాయి. మీది వాటిలో ఏదో తేలకుండా ఏ సలహా ఇచ్చినా చీకట్లో రాయి వేసినట్టే.

మున్సిపల్ అజెండా చదవడం కూడా ఒక విద్యే. ఒక్కో అంశానికి వరుస సంఖ్య, దాని కింద ఆఫీసు నోటు ఉంటాయి. ఫలానా వీధివారి వినతి, అంచనా విలువ, ఏ పద్దు నుంచి ఖర్చు పెట్టాలన్నది, చివర ‘కౌన్సిల్ వారి ఆమోదం నిమిత్తం’ అన్న మాట. ఇదంతా పైపై సరంజామా. ప్రాణమంతా దాని కింద కౌన్సిల్ నిర్ణయంగా రాసే ఒక్క వాక్యంలో ఉంటుంది. ‘ఆమోదించడమైనది’ అని ఉంటే మంచిదే. ‘రికార్డు చేయడమైనది’ అంటే విన్నాం, ఫైలులో పెట్టాం అని మాత్రమే అర్థం. ‘వాయిదా వేయడమైనది’ గురించి చెప్పనక్కర్లేదు. ‘ధ్రువీకరించడమైనది’ అంటే ఛైర్‌పర్సన్ ముందస్తు అనుమతితో అప్పటికే కదిలిన వ్యవహారానికి కౌన్సిల్ తర్వాత ముద్ర వేసిందన్నమాట.

కొన్నేళ్ల కిందట ఒక పెద్దాయన ఇలాంటి తీర్మానం నకలును ప్లాస్టిక్ కవరులో భద్రంగా పెట్టుకొని నా దగ్గరకు వచ్చారు. గెలిచినట్టేనన్న ధీమా ఆయన ముఖంలోనే కనిపించింది. నేను నేరుగా చివరి వాక్యానికి వెళ్లాను. ‘నిధుల లభ్యతను బట్టి ఆమోదించడమైనది’ అని ఉంది. ముందున్న ఆ మూడు మాటలు కేసును మింగేశాయి. ఆయన ఆ కాగితాన్ని ఏడాదికి పైగా దాచుకున్నారు కాని ఆ వాక్యం దగ్గర ఆగి చదవలేదు.

షరతు ఏదీ లేకుండా ఆమోదించినా, అది పని చేపట్టడానికి ఇచ్చిన అనుమతే. మీతో చేసుకున్న ఒప్పందం కాదు. ఆ తర్వాత అంచనాకు సాంకేతిక మంజూరు, టెండరు, కాంట్రాక్టరుతో అగ్రిమెంటు, వర్క్ ఆర్డరు ఒకదాని వెంట ఒకటి రావాలి. పని మొదలయ్యాక కొలతలు ఎం-బుక్కులోకి, అంటే జరిగిన పనిని కొలిచి రాసే పుస్తకంలోకి, ఎక్కాలి. మీ కాలువ ఈ దారిలో ఎక్కడో ఆగిపోయింది. టెండరే పిలవలేదా? పిలిచినా ఎవరూ వేయలేదా? వేసినవారు పాత బిల్లులు రాలేదని తప్పుకున్నారా? చిన్న మున్సిపాలిటీల్లో నేను ఎక్కువగా చూసింది ఈ మూడోదే. కౌన్సిల్ తీర్మానాలను అమలు చేయాల్సింది కమిషనర్. తీర్మానం చట్టానికి విరుద్ధమని తోస్తే ఆయన ప్రభుత్వానికి నివేదించవచ్చు. 1965 నాటి ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల చట్టం 59వ సెక్షన్ కింద ప్రభుత్వం దాన్ని నిలిపివేయవచ్చు, రద్దు చేయవచ్చు. వీధి కాలువ విషయంలో అంతదాకా వెళ్లి ఉంటుందని నేననుకోను. అయినా అదీ అడిగి తెలుసుకోండి.

మినిట్స్ పుస్తకం చూపించం అన్నది చెల్లని మాట. సమాచార హక్కు చట్టం, 2005 ప్రకారం రికార్డుల నకళ్లు తీసుకోవడమే కాదు, ఆఫీసుకు వెళ్లి వాటిని పరిశీలించి రాసుకునే హక్కు కూడా మీకుంది. దరఖాస్తుకు రుసుము 10 రూపాయలు. ఇంత చిన్న దరఖాస్తు కూడా చాలామంది చేతుల్లో చెడిపోతుంది. ‘మా కాలువ ఎందుకు వేయలేదు?’ అని రాస్తారు. ‘ఎందుకు’ అన్నదానికి ఆఫీసులో కాగితం ఉండదు కనుక, రికార్డులో ఉన్న సమాచారమే ఇస్తామని ఒక ముక్క రాసి చేతులు దులుపుకుంటారు. మీరు కాగితాలే అడగండి. ఇలా రాయండి: ‘ఫలానా నెల కౌన్సిల్ సమావేశపు అజెండాలో మా వీధి కాలువకు సంబంధించిన అంశం, దాని ఆఫీసు నోటు, తీర్మానం నకలు, అసమ్మతి నమోదై ఉంటే దాని నకలు, ఆ పని అంచనా ప్రతి, సాంకేతిక మంజూరు, టెండరు ప్రకటన, అగ్రిమెంటు నకళ్లు, ఈ తీర్మానాన్ని ప్రభుత్వానికి నివేదించి ఉంటే ఆ లేఖ నకలు ఇవ్వగలరు.’ చివర ‘సంబంధిత ఫైలును, నోట్ షీట్లతో సహా, పరిశీలించడానికి తేదీ తెలపగలరు’ అని చేర్చండి. పరిశీలనకు మొదటి గంట ఉచితం. నకళ్లలో దొరకని సంగతులు నోట్ షీట్లలో, అంటే ఫైలులో అధికారులు రాసుకున్న వ్యాఖ్యల్లో, దొరుకుతాయి.

జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే లేదా అరకొరగా వస్తే, ఆ తర్వాత 30 రోజుల్లోగా అదే ఆఫీసులోని అప్పీలు అధికారికి రాయాలి. అక్కడా ఫలితం లేకపోతే 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ముందుముందు కోర్టులో దాఖలు చేయాల్సి వస్తే ధ్రువీకరించిన నకలు కావాలి. ఆ హక్కు 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 75వ సెక్షన్‌లో ఉంది.

గడువు తీరితే తీర్మానం పోతుందన్న గుమాస్తా గారి సిద్ధాంతం సరికాదు. రాజ్యాంగం 243యు అధికరణ మున్సిపాలిటీ కాలాన్ని అయిదేళ్లకు పరిమితం చేసింది. అది ఎన్నికైనవారికి పెట్టిన గడువు. కౌన్సిల్ చట్టం దృష్టిలో శాశ్వత సంస్థ. సభ్యులు మారితే దాని పేరుమీదున్న అప్పులు మాఫీ కానట్టే నిర్ణయాలూ రద్దు కావు. 2014లో ఎన్నికైన మన కౌన్సిళ్ల గడువు 2019లో తీరింది. 2021 మార్చి ఎన్నికల దాకా ప్రత్యేకాధికారులే నడిపారు. ఆ కాలంలో పాత తీర్మానాలన్నీ చెత్తబుట్టలోకి వెళ్లలేదు కదా. కొత్త కౌన్సిల్ మరో తీర్మానంతో పాతదాన్ని మార్చవచ్చు. అలా మారిస్తే దానికీ కాగితం ఉంటుంది.

సమావేశానికి వెళ్లి చూడవచ్చు, మాట్లాడడానికి మాత్రం వీల్లేదు. అది సభ్యులకు, హోదా రీత్యా సభ్యులైన ఎమ్మెల్యే, ఎంపీలకు ఉన్న అవకాశం. మీ కౌన్సిలర్ చేత లిఖితపూర్వకంగా ప్రశ్న వేయించండి. నోటిమాటగా లేచి అడిగితే ‘పరిశీలిస్తాం’ అన్న జవాబుతో ముగుస్తుంది. అది మినిట్స్‌లోకి కూడా ఎక్కదు.

‘నిధులు లేవు’ అంటే ఏ నిధులు లేవో అడగాలి. మున్సిపాలిటీకి ఉన్నది ఒకే జేబు కాదు. ఇంటిపన్ను, నీటిపన్ను వంటి సొంత రాబడితో జనరల్ ఫండ్ ఉంటుంది. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం మీలాంటి పట్టణాలకు సిఫారసు చేసిన గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే కట్టిపెట్టిన సొమ్ము. మీ కాలువను అంచనాలో ఏ పద్దు కింద చూపారో, ఆ పద్దులో అప్పుడు ఎంత మిగిలిందో తెలిసేదాకా ఆ రెండు మాటలను జవాబుగా ఒప్పుకోకండి.

ఇక కోర్టు. తీర్మానం చేశారు కనుక అమలు చేయించండి అని హైకోర్టులో రిట్ వేస్తే, ఏ పని ముందు, ఏది వెనక అన్నది మీ మున్సిపాలిటీ చూసుకుంటుందని పంపేసే ప్రమాదం ఉంది. మీ బలం తీర్మానంలో లేదు, నిలిచిన మురుగులో ఉంది. మధ్యప్రదేశ్‌లోని రత్లాం కథ వినండి. అక్కడ ఒక వార్డులో కాలువలు లేక, మురుగు, దుర్గంధం భరించలేక జనం మెజిస్ట్రేటును ఆశ్రయించారు. ఆయన మున్సిపాలిటీని ఆదేశించారు. సెషన్స్ కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది, హైకోర్టు నిలబెట్టింది. మున్సిపాలిటీ డబ్బు లేదంటూ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1980లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్, మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డిల ధర్మాసనం ఆ సాకును ఒప్పుకోలేదు. పారిశుద్ధ్యం చట్టం అప్పగించిన విధి అని, ఖజానా ఖాళీ అని చెప్పి దాన్నుంచి తప్పుకోలేరని తేల్చింది. ఇన్నేళ్లయినా ఇలాంటి కేసులో మేం మొదట తెరిచేది ఆ తీర్పునే.

రత్లాంవాసులు వాడినది నేర విచారణ స్మృతి 133వ సెక్షన్. ఇప్పుడది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్. దాని కింద సబ్‌డివిజనల్ మెజిస్ట్రేటు, అంటే మీ ఆర్డీవో లేదా సబ్‌కలెక్టర్, బహిరంగ స్థలంలోని ఉపద్రవాన్ని తొలగించమని షరతుతో కూడిన ఉత్తర్వు ఇవ్వవచ్చు. తేదీ కనిపించేలా ఫొటోలు, జ్వరాలు వచ్చి ఉంటే ఆస్పత్రి చీటీలు, మీరు ఇదివరకు ఇచ్చిన అర్జీల రసీదులు జతచేయండి. మీ ఒక్కరి సంతకంతో కాకుండా వీధిలోని పదిమంది సంతకాలతో ఇవ్వండి. ఇది ఒక ఇంటి గొడవ కాదని ఆ సంతకాలే చెబుతాయి.

రెండో దారి శాశ్వత లోక్ అదాలత్. ఎందుకో మన వకీళ్లే దీన్ని మరిచిపోతుంటారు. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం, 1987లోని 22ఎ సెక్షన్ ‘ప్రజా ప్రయోజన సేవల’ జాబితాలో పారిశుద్ధ్యం ఉంది. కోర్టు ఫీజు ఉండదు. ముందు రాజీకి ప్రయత్నిస్తారు, కుదరకపోతే వారే నిర్ణయిస్తారు. అయితే విషయం అప్పటికే వేరే కోర్టుకు వెళ్లి ఉండకూడదు. అందుకే రిట్‌ను చివరకు ఉంచుకోమంటున్నాను. తెలంగాణ పాఠకులకు మున్సిపల్ చట్టం వేరు, 2019 నాటిది. కనుక పైన చెప్పిన 59వ సెక్షన్ వారికి వర్తించదు. సమాచార హక్కు, ఆర్డీవో, లోక్ అదాలత్ దారులు మాత్రం వారికీ తెరిచే ఉన్నాయి.

ఇంటిపన్ను మాత్రం ఆపకండి. పన్ను కాలువకు కట్టే ధర కాదు. సేవ అందలేదని పన్ను ఎగ్గొట్టే వెసులుబాటు చట్టంలో లేదు, పైగా నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. రేపు ఆర్డీవో ముందు మున్సిపాలిటీ తరఫువారు నోరు తెరవగానే చెప్పే మొదటి మాట ‘వీళ్లు బకాయిదారులండి’ అన్నదే అవుతుంది. ఈ ఏడాది పన్ను రసీదు నకలును ఫిర్యాదుకు మొదటి అనుబంధంగా పెట్టండి, ఫొటోలకు ముందే.