సజ్జ మీది పుస్తకాల గురించి అత్త ఉత్తరం

చిట్టీ,

ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశారనీ, నెలాఖరుకల్లా నల్లకుంటలో అద్దెవాటాకి మారుతున్నారనీ మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. అది తెలిసిన సంగతే. తర్వాత నవ్వుతూ, "నీ మేనకోడలు తన నాలుగు నవలల సెట్లలో ఒకటి శాశ్వతంగా వదిలేస్తుందట. ఇక జన్మలో ముట్టుకోదట. ఆదివారంలోగా తేలుస్తుందట" అన్నాడు. వాడికది నవ్వులాట. నాకు నిద్ర పట్టలేదు. విరిగిన గరిటె కూడా పారేయని వంశం మనది. అందులో పుట్టి, ఎవరూ చెప్పకుండానే నీ సామాను నువ్వే తగ్గించుకుంటున్నావంటే గర్వంగానే ఉంది. భయమల్లా ఆ "శాశ్వతంగా" దగ్గరే. అది కోపంలో నోటికొచ్చే మాట.

కోపం దేనిమీదో కూడా తెలుసు. సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్, ఆ జార్జ్ మార్టిన్ నవలల వరస. దాన్ని గేమ్ ఆఫ్ థ్రోన్స్ పేరుతో టీవీలో వేసి 2019లో ముగించిన తీరు నీకు నచ్చలేదు. ఐదో పుస్తకం 2011లో వచ్చింది, ఆరోది ఇంతవరకూ లేదు. "ఆయన రాయడు, నేను చదవను" అని నువ్వు పంతం పట్టావు. రాసేవాడితో నీ పంతం సంగతి తర్వాత చూద్దాం. ముందు టేపు తీసుకుని కొలువు.

కొత్తింట్లో నీకొచ్చేది మూడడుగుల గోడ అర ఒకటి, అంటే 91 సెంటీమీటర్లు. వీల్ ఆఫ్ టైమ్ 14 పుస్తకాలు, దానికి ముందుకథ ఇంకొకటి, మొత్తం 15. ఒక్కోటి నాలుగు సెంటీమీటర్లు వేసుకున్నా 60. ఐస్ అండ్ ఫైర్ సుమారు 30, హ్యారీ పోటర్ ఓ 27, హాబిట్‌తో కలిపి లార్డ్ ఆఫ్ ద రింగ్స్ ఓ 13. వెరసి 130. నీ కోపానికి బలయ్యేది తీసేస్తే ఇంకా 100 మిగులుతుంది. పట్టదు. పోటర్ తీసినా పట్టదు. వీల్ ఒక్కటి తీస్తే 70కి దిగి, పైన నీ చదువు పుస్తకాలకి కూడా చోటు మిగులుతుంది. నావి సుమారు లెక్కలు, నీ టేపు చెప్పిందే అసలు లెక్క. రెండు వరసలుగా సర్దుకుంటానంటావేమో, వద్దు. వెనక వరస గోడ చెమ్మకి ఆనుకుంటుంది. పైగా కంటికి కనపడని పుస్తకాన్ని ఎవరూ తీయరు. సజ్జ మీద పడేసినా ఒకటే, వెనక వరసలో పెట్టినా ఒకటే.

దుమ్ము దులుపు. జాబితా రాసుకో. నాలుగు సెట్లూ నేలమీద పక్కపక్కన పేర్చు. ఇవి చెప్పక్కర్లేదనుకో.

ఐస్ అండ్ ఫైర్ దగ్గర మాత్రం లెక్క తప్పకు. నీ దగ్గరున్నవి ఏడు పుస్తకాలు, కథలో భాగాలు ఐదే. పేపర్‌బ్యాక్‌లో మూడోదాన్నీ ఐదోదాన్నీ రెండేసి ముక్కలు చేశారు. పెట్టెలో ఏడు కనబడగానే పూర్తి సెట్టనుకుని కొనేవాళ్ళు, అలాగే అనుకుని ఇచ్చేసేవాళ్ళు చాలామంది. రాయాలనుకున్న భాగాలూ ఏడే కావడంతో ఆ పొరపాటు ఇంకా బలపడుతుంది. పైగా నాలుగూ ఐదూ మొదట్లో ఒకటే పుస్తకం. పెద్దదైపోయిందని విడగొట్టారు, అదీ కథ జరిగే కాలాన్ని బట్టి కాదు, పాత్రల్ని బట్టి. దక్షిణాన ఉన్నవాళ్ళు నాలుగోదాంట్లో, జాన్, టిరియన్, డెనేరిస్ ఐదోదాంట్లో. "నాలుగోది బోరు, అదొక్కటీ ఇచ్చేస్తా" అని నిరుడు అన్నావు చూడు, అలా చేస్తే ఐదోది ఒంటికాలి మీద నిలబడుతుంది.

ఇలాంటి సగంలో ఆగిన కథకి నేను పెట్టే పరీక్ష ఒక్కటే. రేపు పొద్దున ఆరోది వచ్చిందని తెలిస్తే షాపుకి పరిగెత్తుతావా, లేక ఎవరైనా కథ చెబితే చాలనుకుంటావా? రెండోదైతే నిశ్చింతగా ఇచ్చెయ్. మొదటిదైతే ఇవ్వకు. పాతవన్నీ మళ్ళీ కొంటావు, మీ నాన్న మళ్ళీ నవ్వుతాడు. నా అంచనా మొదటిదే. ఇన్నేళ్ళుగా పుస్తకం మీద కోపం నిలబడిందంటే దానితో సంబంధం తెగనట్టే కదే పిచ్చిదానా.

ఇక అసలు సంగతి. చిక్కడపల్లి అద్దెవాటా నుంచి, ఇప్పుడు కూలగొట్టబోతున్న ఈ ఇంటికి మారేటప్పుడు తాతయ్య చేసిన తప్పు నీకెవరూ చెప్పి ఉండరు. నాయనమ్మ ఎప్పుడూ ఆ మాట ఎత్తనిచ్చేది కాదు.

అప్పుడూ ఇదే సమస్య. బీరువాలో ఒక అర, పుస్తకాలు రెండు అరలకి సరిపడా. ఒకవైపు కాశీమజిలీ కథలు, 12 భాగాలు, క్యాలికో అట్టలు, వీపున బంగారు అక్షరాలు. మరోవైపు చందమామ సీరియళ్ల కట్టలు. ఆ కట్టలు నాయనమ్మ చేతిపని. నెలనెలా సంచిక పిన్నులు విప్పి, సీరియల్ పేజీలు మాత్రం జాగ్రత్తగా వేరు చేసి, కథ పూర్తయ్యాక వరసగా పేర్చి, దబ్బనంతో అంచున మూడు కంతలు పొడిచి పురికొసతో కుట్టేది. అట్టకి పాత క్యాలెండరు. అంటించడానికి మైదా ఉడికించిన జిగురు, పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం. తోకచుక్క, రాకాసిలోయ, పాతాళదుర్గం, అన్నీ అలాంటివే, చందమామ చిత్రకారుడు చిత్రా వేసిన బొమ్మలతో సహా.

తాతయ్య చూపుని బట్టి తేల్చారు. అట్టలున్నవి పుస్తకాలు, దారంతో కుట్టినవి కాగితాలు. కబాడీవాడు తక్కెడలో వేసి కిలోల లెక్కన పట్టుకుపోయాడు. అది ఒక తప్పు. దాన్ని మించిందొకటి చేశారు. మనసొప్పక రాకాసిలోయ కట్ట విప్పి, బొమ్మలు బాగున్నాయని రెండు నెలల పేజీలు తీసి దాచారు. అటు తీసుకున్నవాడికి నడుం విరిగిన కథ, ఇటు ఇంట్లో తలా తోకా లేని రెండు ముక్కలు. కట్టగా ఉంటే ఆ పాత కాగితాలవాళ్ళలో ఎవరో ఒకరు చదువుకోవడానికైనా పక్కన పెట్టేవారేమో. విప్పిన కట్ట పొట్లాలకే పోతుంది.

తిరిగి సంపాదించాలని ఎంత తిరిగారో. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత చందమామలు దొరికేవి, కాదనను. కానీ ఒక్కో సంచికలో ఒక్కో భాగమే ఉంటుంది. ఇరవై నెలలు నడిచిన సీరియల్ కావాలంటే ఇరవై వేర్వేరు నెలలు దొరకాలి. దొరికేవి దొరికినవే మళ్ళీ దొరుకుతాయి, మధ్యవి దొరకవు. రచయితని బట్టి అడుగుదామంటే సీరియల్‌కి రచయిత పేరే వేసేవారు కాదు. అవన్నీ రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారని మనబోటి వాళ్ళకి ఎన్నో ఏళ్ళకి గానీ తెలియలేదు. తర్వాత కొన్ని పుస్తకాలుగా వచ్చాయి, కథ చేతికొచ్చింది. నాయనమ్మ కుట్టిన కట్ట రాలేదు. ఇక అపురూపంగా దాచిన కాశీమజిలీ కథలంటావా, అచ్చవుతూనే వచ్చాయి. వాటి కోసం ఎవరూ ఊరంతా తిరగక్కర్లేకపోయింది.

అర్థమైందా నా భయం ఎక్కడో? శాశ్వతంగా వదులుకోవాలంటే, కావాలనుకున్న రోజున మళ్ళీ దొరికేదాన్నే వదులు. దొరకనిదాన్ని పంతానికి వదలకు.

ఆ కంటితో నీ నాలుగూ చూడు. పోటర్ కథ ఏ షాపులోనైనా దొరుకుతుంది, కాబట్టి పోయినా పర్లేదనిపిస్తుంది. కానీ నీ ఐదో పుస్తకం తీసి చూడు. 766 పేజీల లావుకి మధ్యలో వీపు పగిలి, తెరిస్తే రెండు పలకలుగా పడుకుంటుంది. ఎనిమిదో తరగతి ఎండాకాలంలో అంచుల్లో పెన్సిల్‌తో రాసుకున్న అనుమానాలున్నాయి అందులో, ప్రతి పదిహేను పేజీలకీ ఒకరి మీద. ఆ కాపీ ఏ షాపులో దొరుకుతుంది? దాన్ని బాగుచేసుకో. సెల్లోటేపు మాత్రం వద్దు, పచ్చబడి జిగురు కారి పక్క పేజీలకి అంటుకుంటుంది. స్వెటర్ అల్లే సూదికి ఫెవికాల్ పల్చగా పూసి పగులులో ఒక్కసారి తిప్పు. కారినదాన్ని తుడిచి, అటూ ఇటూ మైనపు కాగితం పెట్టి మూసి, పైన రోలు లాంటి బరువుంచి రాత్రంతా వదిలెయ్. జిగురు ఎక్కువైతే గట్టిపడి మళ్ళీ అక్కడే పగులుతుంది.

లార్డ్ ఆఫ్ ద రింగ్స్ జోలికి వెళ్ళకు. ఆక్రమించేది జానెడు. పైగా అది మూడు పుస్తకాలు కాదు, ఒకటే నవల. రెండో ప్రపంచయుద్ధం తర్వాత కాగితం ఖర్చెక్కువై 1954, 1955ల్లో మూడుగా వేశారు. "రెండోది నత్తనడక, అదొక్కటి తీసేస్తా" అనే ఆలోచన నీకు రాదనే అనుకుంటున్నాను, కానీ తాతయ్య మనవరాలివి కదా, ఒకమాట చెప్పి ఉంచుతున్నాను.

మిగిలింది వీల్ ఆఫ్ టైమ్. 1990లో మొదలై 2013లో పూర్తయింది. రచయిత రాబర్ట్ జోర్డాన్ 2007లో పోతే, ఆయన నోట్సు పెట్టుకుని బ్రాండన్ శాండర్సన్ చివరి మూడూ రాశాడు. అంటే నిన్ను ఎదురుచూపుల్లో పెట్టే కథ కాదు, ముగింపు అక్కడే ఉంది. చదివినంతవరకూ గుర్తుగా పెట్టిన నీ బస్సు టికెట్టు ఎనిమిదోదాంట్లో ఇరుక్కుని ఎన్నాళ్ళయింది? నీ తప్పేం కాదు. ఎనిమిది నుంచి పది దాకా చాలామంది అక్కడే కూలబడతారు. తొమ్మిదో పుస్తకం చివర ఒక పెద్ద ఘట్టం జరుగుతుంది. ఆ సమయంలో మిగతావాళ్ళు ఎక్కడేం చేస్తున్నారో చెప్పడంతోనే పదోదాంట్లో చాలా పేజీలు గడుస్తాయి. పదకొండు నుంచి పరుగు అందుకుంటుంది గానీ, నువ్వు అక్కడిదాకా వెళ్తావా అన్నది నిజాయితీగా చెప్పుకో. ఎప్పుడైనా బుద్ధి పుడితే ఈ-బుక్ ఉండనే ఉంది. అన్నట్టు, కిండిల్‌లో కొన్నవి ఉంటే ఆవేశంలో "పర్మనెంట్‌గా డిలీట్" నొక్కకు, మళ్ళీ డబ్బు కట్టి కొనాల్సొస్తుంది. అక్కడ చోటు సమస్య లేదుగా.

నా మాటే వినమనడం లేదు. తేల్చుకున్నది ఏదైనా సరే, అట్టపెట్టెలో పెట్టి, టేపు వేసి, పైన తారీఖు రాసి ఒక మండలం, నలభై రోజులు, పక్కన పెట్టు. ఇల్లు మారినా పెట్టె మంచం కింద పడుంటుంది. ఈలోగా టేపు పీకావా, అది వదలాల్సింది కాదు. పెట్టె చిన్నదే తీసుకో, పది పన్నెండు కిలోలు దాటితే అడుగు ఊడుతుంది. నిలబెట్టి సర్దు, పడుకోబెడితే వీపులు ఒకసారి ఇటు, ఒకసారి అటు. పాలిథిన్‌లో బిగించకు, ఈ వానల్లో లోపలి చెమ్మకి బూజు పడుతుంది. సజ్జ మీద అసలే వద్దు. స్లాబు వేడికి జిగురెండి, విప్పగానే పేజీలు రాలతాయి.

ఇచ్చేటప్పుడు మొత్తం సెట్టూ ఒక్కరికే. ఆదివారం అబిడ్స్‌లో నిలబడి చూడు, ఏ సిరీస్‌దైనా మొదటి భాగాలు కుప్పలు, మూడోదీ నాలుగోదీ అడిగితే లేవంటారు. మొదటిది అందరూ కొంటారు, మధ్యవి కొద్దిమందే. అందుకే విడగొడితే మళ్ళీ అతకదు. చిక్కడపల్లి లైబ్రరీకైనా సరే, ముందు అడిగి తీసుకెళ్ళు. మీ వీధిలో చదివే పిల్ల ఉంటే ఇంకా మంచిది.

ఒకటి మర్చిపోయా. వీల్ మూడోది ఫుట్‌పాత్ మీద కొన్నావు కదూ, అది నకలు అచ్చు. వాటిలో ఫారాలు, అంటే కలిపి అచ్చేసే పేజీల కట్టలు, తప్పిపోతుంటాయి. ఉన్నట్టుండి పదహారు పేజీలు మాయం, లేదా అవే రెండుసార్లు. కూర్చుని పేజీ నంబర్లు మొదటినుంచి చివరిదాకా తిప్పు. తేడా ఉంటే ఆ ఒక్కటి అసలుది కొని సెట్టులో పెట్టు, డబ్బు నేనిస్తాను. పేజీల మధ్య ఏమైనా పెట్టావేమో కూడా చూసుకో. నువ్వు పరీక్ష ఫీజు వెతుక్కున్న రోజు నాకింకా గుర్తుంది.

ఆదివారం పదింటికల్లా వస్తాను. టేపు, సుత్లీ, దబ్బనం నేనే తెస్తాను. నేనొచ్చేదాకా ఏ పెట్టే కట్టకు. ఎనిమిదోదాంట్లో ఆ బస్సు టికెట్టు మాత్రం తీయకు, తీసుకునే పిల్లకి ఎక్కడ జాగ్రత్తపడాలో తెలుస్తుంది.

మీ అత్త