జిల్లాలు కలిపితే ఇద్దరు డ్యూకులు మిగిలారా?

కథ కోసమో ఆట కోసమో మీరు అల్లిన కల్పిత దేశంలో రెండు జిల్లాలు కలపగానే ఒకే చోటుకి ఇద్దరు డ్యూకులు (రాజు ఇచ్చే పెద్ద ప్రభు బిరుదు ఉన్నవాళ్లు) తేలారంటే, బిరుదునీ భూభాగాన్నీ ఒకే పట్టికలో పెట్టి ఉంటారు. మూడుగా విడదీయండి.

1. పాలనా జిల్లా: పన్నులు, రోడ్లు. ఎన్నిసార్లైనా మారొచ్చు.
2. లాంఛన ప్రాంతం: రాజు ప్రతినిధి పరిధి. బ్రిటన్‌లో లార్డ్ లెఫ్టినెంట్‌ది ఈ పనే: రాజు పర్యటన ఏర్పాట్లు, పతకాలు అందించడం. వంశపారంపర్యం కాదు, 75 ఏళ్లకు దిగిపోవాలి.
3. బిరుదు: మనిషిది, నేలది కాదు. డెవన్‌షైర్ డ్యూకుల వంశ నివాసమైన చాట్స్‌వర్త్ భవనం డార్బీషైర్ అనే వేరే ప్రాంతంలో ఉంది మరి!

చాలామంది వదిలేసేది ఇక్కడే. ప్రతి బిరుదు పక్కన అది ఇచ్చిన సంవత్సరం, వారసత్వ నియమం రాయండి. పేరు ఆనాటి మ్యాపు ప్రకారమే ఉండిపోతుంది, తర్వాత జిల్లా మాయమైనా సరే. వారసుడు లేకపోతే బిరుదు అంతరిస్తుంది. రాజు అదే పేరుతో మళ్లీ ఇస్తే లెక్క 'మొదటి డ్యూకు' నుంచే మొదలు. ఇది రాసుకోకపోతే వంశవృక్షం మొత్తం గందరగోళమే.

కాబట్టి ఇద్దరు డ్యూకుల్నీ అలాగే ఉంచండి. కలిసిన ప్రాంతానికి ప్రతినిధిని మాత్రం ఒక్కరినే పెట్టండి.