మీడియా మన ఆలోచనల్ని నిజంగా మారుస్తుందా? టమాటా తోటల దగ్గర నేను చూసింది

ప్రశ్న అడిగినవారు రెండు సంగతులు కలిపి అడిగారు. పేపర్లు, టీవీలు జనం ఆలోచనను మారుస్తాయా, లేక జనం ముందే అనుకున్నదాన్ని తిరిగి చూపిస్తాయా అన్నది ఒకటి. అసలు చిక్కంతా ఫేక్ న్యూస్‌తోనేనా అన్నది రెండోది. నేను చిత్తూరు జిల్లా పలమనేరు వైపు కొన్నేళ్లు ఒక పత్రికకు మండల విలేకరిగా పనిచేశాను. మా ఇంట్లో టమాటా సేద్యం ఉంది. కాబట్టి నా జవాబు టమాటా తోటల మీదుగా వస్తుంది, ఏమనుకోకండి.

నేను చూసినంతలో అబద్ధపు వార్త కంటే నిజమైన వార్తే మనల్ని ఎక్కువ నడిపిస్తుంది.

2023 జులై గుర్తుండే ఉంటుంది. మదనపల్లె మార్కెట్లో (ఇప్పుడది మా జిల్లా కాదనుకోండి) మొదటి రకం కాయ నెలాఖరుకు కిలో 200 దరిదాపులకు వెళ్లింది. ఏ ఛానల్ పెట్టినా టమాటాతో కోటీశ్వరుడైన రైతు కథే. అందులో అబద్ధం లేదు. ముందే నాటి, తెగుళ్లు తప్పించుకుని, సరిగ్గా ఆ వారాల్లో కాయ కోసినవాళ్లకు నిజంగానే డబ్బు వచ్చింది. మా చిన్నాయన అది చూసి రెండెకరాలకు నారు చెప్పొచ్చాడు.

"రే అబ్బయా, టీవీలో చూస్తివా? కోట్లంట!"

"చిన్నాయనా, అందరూ ఇప్పుడే నాటతా ఉండారు. మన కాయ వచ్చేసరికి ఈ రేటు ఉండదు."

"అందరూ యాడ నాటతా ఉండారు? పేపర్లో యాడుంది?"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. పేపర్లో నిజంగానే లేదు. నర్సరీల్లో నారు కావాలంటే ముందుగా డబ్బు కట్టి వరుసలో ఉండాల్సిన పరిస్థితి. దాన్ని ఎవరైనా మొదటి పేజీలో వేసి ఉంటే సెప్టెంబరులో ఏం జరగబోతుందో జులైలోనే తెలిసేది. నాటిన రెండు నెలలకు కాయ మొదలవుతుంది. కట్టెలు, దారం, డ్రిప్, మందులు, కూలీలు అన్నీ కలిపితే ఎకరాకు లక్షన్నర దాటుతుంది. సెప్టెంబరు వచ్చేసరికి మదనపల్లెలో ధర కిలో పది రూపాయల చుట్టుపక్కలకు పడిపోయింది. చిన్నాయనకు కోత కూలీ, బాడుగ కూడా రాలేదు.

ధర వార్త ఎలా తయారవుతుందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే కిటుకంతా అక్కడే ఉంది. వేలం అయ్యాక మార్కెట్ కమిటీ నుంచి మూడు అంకెలు వస్తాయి: కనిష్ఠం, గరిష్ఠం, ఎక్కువ సరుకు ఏ ధరకు పోయిందన్నది. మేం మూడూ పంపేవాళ్లం. పత్రికాఫీసులో వార్తలు దిద్దే డెస్కులో గరిష్ఠం హెడ్డింగుకు ఎక్కేది, మిగతా రెండూ వార్త లోపల ఎక్కడో ఉండేవి, జాగా లేకపోతే ఎగిరిపోయేవి. గరిష్ఠ ధర అంటే మచ్చలేని మొదటి రకం కాయ తెచ్చిన నలుగురైదుగురికి దక్కిన ధర. పైగా పక్క రాష్ట్రం కర్ణాటకలోని కోలారు మార్కెట్లో బాక్సంటే 15 కిలోలు, మదనపల్లెలో పాతిక కిలోల పైమాటే. బాక్సు రేటని రాసి బరువు రాయని వార్తలు ఎన్ని చూశానో!

ఇందులో ఎవరి కుట్రా లేదు. మాకు జీతం ఉండేది కాదు, లైన్ అకౌంట్. అచ్చయినదానికే డబ్బు. ఏది అచ్చవుతుందో అనుభవం మీద తెలిశాక మన కళ్లకు కూడా అదే కనబడటం మొదలవుతుంది. టమాటాకు రెండే వార్తలు: ధర పెరిగితే మోత, పడితే రోడ్డు పక్కన పారబోత. పదిహేను, ఇరవై రూపాయల దగ్గర నెలల తరబడి నడిచే మార్కెట్ ఎవరికీ వార్త కాదు. రైతు బతుకు మాత్రం ఎక్కువ కాలం అక్కడే గడుస్తుంది.

చదువుకున్నవాళ్లు దీన్ని అజెండా సెట్టింగ్ అంటారు. 1968 అమెరికా అధ్యక్ష ఎన్నికల సమయంలో మెక్‌కూంబ్స్, షా అనే ఇద్దరు పరిశోధకులు చాపెల్ హిల్ అనే ఊళ్లో ఓటర్లను మీకు ముఖ్యమైన సమస్యలేవని అడిగారు. వాళ్లు చెప్పిన వరుస, మీడియా ప్రాధాన్యం ఇచ్చిన వరుస దాదాపు ఒకటే అని తేలింది. ఆ పరిశోధన 1972లో అచ్చయింది. ఫలానాది నమ్ము అని మీడియా మనతో అనకపోవచ్చు. దేని గురించి ఆలోచించాలో మాత్రం అది తేల్చేస్తుంది. ఆ జులైలో నగరాల వంటింటి ఖర్చు దేశ సమస్య అయింది. రాష్ట్ర ప్రభుత్వం రైతు బజార్లలో కిలో 50 రూపాయలకు అమ్మింది, ఆగస్టులో కేంద్రం నేపాల్ నుంచి దిగుమతి చేసుకుంటున్నట్టు చెప్పింది. సెప్టెంబరులో రైతు మునిగితే అలాంటి హడావుడి చూశారా? నేను చూడలేదు.

అయితే మీడియా ఎప్పుడూ ఇలాగే చేస్తుందనలేను. మా పక్కన నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992 ప్రాంతంలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం చూడండి. అక్షరాస్యత తరగతుల్లో సారా గురించి చదువుకున్న ఆడవాళ్లు ఊళ్లో సారా అంగడి మూయించారు. ఈనాడు ఆ పోరాటానికి ప్రత్యేకంగా ఒక పేజీయే కేటాయించింది. పత్రిక ఆ కోపాన్ని పుట్టించలేదు, అది ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది. ఒక ఊరి ఆడవాళ్లు చేసింది ఇంకో ఊరి ఆడవాళ్లకు తెలిసేలా చేసింది, అంతే. ఆ 'అంతే' చిన్నది కాదు. మనం ఒక్కళ్లమే కాదని తెలిశాక ఊరూరా కదిలారు, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

టమాటా దగ్గర ఇది తిరగబడింది. పత్రిక రైతులందరికీ ఒకే ధర చూపించింది, ఒకరి పొలం ఒకరికి చూపించలేదు. ప్రతివాడూ ఆ ధర తన ఒక్కడికే కనబడినట్టు నాటాడు. మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇదే. ఉన్న కోరికనే మీడియా పట్టుకుంటుంది. పక్కవాడి సంగతి కూడా చూపిస్తుందా, దాస్తుందా అన్నదాన్ని బట్టి ఆ కోరిక ఎటు పోతుందన్నది ఉంటుంది.

ఫేక్ న్యూస్ సంగతీ చిన్నదేం కాదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలంటూ వాట్సాప్‌లో తిరిగిన వీడియోల్లో ఒకటి కరాచీలో తీసిన అవగాహన వీడియో. బిడ్డను తిరిగి దింపేసే చివరి ముక్క కత్తిరించి తిప్పారు. మాకు ఆట్టే దూరం లేని తిరువణ్ణామలై జిల్లాలో ఆ పుకార్లకే ఒక పెద్దావిడను కొట్టి చంపారు. ఆ ఏడాది జులైలోనే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌లను ఐదు చాట్లకు పరిమితం చేసింది. అబద్ధానికి ఇలా ఏదో ఒక అడ్డుకట్ట వేయొచ్చు. నిజమే అయినా సగమే చెప్పిన వార్తకు ఏ అడ్డుకట్ట వేస్తారు?

సోషల్ మీడియా వచ్చాక మారిందా అంటే, కొంత మారింది. పొద్దున్నే వి.కోట, పలమనేరు, కోలారు రేట్లు గ్రూపుల్లో వచ్చేస్తాయి, బండి ఎటు పంపాలో రైతే తేల్చుకుంటాడు. మా రోజుల్లో మండీవాడు చెప్పిందే రేటు. యూట్యూబ్ థంబ్‌నెయిళ్లలో మాత్రం మళ్లీ అదే గరిష్ఠ ధర, ఇంకా పెద్ద అక్షరాల్లో.

మా ఊరి గ్రూపులో కుర్రాళ్లు ఈ మధ్య ఎవరెన్ని ఎకరాలు నాటారో పెట్టండని అడిగారు. ఒక్కరూ పెట్టలేదు. అందుకని మావాళ్లు నాటేముందు నర్సరీకి పోయి ఆ నెల ఎన్ని ట్రేల నారు బుక్కయిందో అడగటం మొదలుపెట్టారు. నారు అమ్ముకునేవాడు ఆ లెక్క నిజం చెబుతాడా అని చిన్నాయనకు ఇంకా అనుమానమే.