లాకౌట్ రిలే గురించి రాస్తున్న యువ రచయితకు

యువమిత్రులకు నమస్కారం.

మీరు పంపిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ట్రాన్స్‌ఫార్మర్ గురించో జనరేటర్ గురించో రాయడానికి చాలామంది ముందుకు వస్తారు గానీ, వాటిని కాపాడే ప్యానెల్‌లో ఏళ్ల తరబడి కదలకుండా ఉండి, అవసరమైన క్షణంలో మాత్రమే పనిచేసి, సరఫరాను తెంచి, మనిషి వచ్చి రీసెట్ చేసేదాకా మళ్లీ కలవనివ్వని లాకౌట్ రిలేను ఎంచుకునేవారు అరుదు. మీ ఎంపిక నాకు ఎంతో నచ్చింది. అందుకే నా అభిప్రాయాలను దాచకుండా రాస్తున్నాను.

ముందుగా మీ మొదటి పేరాలోని ఒక వాక్యాన్ని సరిదిద్దుకోవాలి. 'లాకౌట్ రిలే ఫాల్ట్‌ను గుర్తించి బ్రేకర్‌ను తెరుస్తుంది' అని మీరు రాశారు. ఫాల్ట్ అంటే షార్ట్ సర్క్యూట్ వంటి లోపం; బ్రేకర్ అంటే సరఫరాను తెంచే స్విచ్, దాన్ని తెరవడమంటే సరఫరాను తెంచడం. ఆ లోపాన్ని గుర్తించే పని లాకౌట్ రిలేది కాదు. ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెళ్లే కరెంటునూ బయటికి వచ్చే కరెంటునూ పోల్చి చూసే డిఫరెన్షియల్ రిలే ఆ పని చేస్తుంది. ట్యాంకులో పుట్టిన వాయువునూ, నూనె ఒక్కసారిగా పైనుండే చిన్న నూనె ట్యాంకు, అంటే కన్సర్వేటర్ వైపు ఎగదన్నడాన్నీ పసిగట్టే బుకోల్జ్ రిలే ఆ పని చేస్తుంది. ఆ నిర్ణయాన్ని అందుకుని అమలు చేయడమే లాకౌట్ రిలే బాధ్యత. డ్రాయింగ్‌లలో డిఫరెన్షియల్ రిలేకు 87, బ్రేకర్‌కు 52, లాకౌట్ రిలేకు 86 అనే సంఖ్యలు వాడతారు. ఈ మూడింటినీ పాఠకుడికి తొలిపుటలోనే పరిచయం చేస్తే, ఎవరి పని ఏమిటో తరువాత తడుముకోనక్కరలేదు.

ఫాల్ట్‌ను గుర్తించిన రిలేయే నేరుగా బ్రేకర్‌ను తెరవవచ్చు కదా అన్న ప్రశ్న పాఠకుడికి తప్పక వస్తుంది, మీరు దానికి జవాబు రాయలేదు. ట్రాన్స్‌ఫార్మర్ లోపల ఫాల్ట్ వస్తే ఒక వైపు బ్రేకర్ తెరిస్తే చాలదు, రెండో వైపు నుంచి కూడా కరెంటు వచ్చే వీలుంటే ఆ బ్రేకర్‌నూ తెరవాలి. అనేక సర్క్యూట్లు కలిసే లోహపు కడ్డీ, అంటే బస్‌బార్ మీద ఫాల్ట్ వస్తే ఆ బస్‌కు కలిసిన బ్రేకర్లన్నీ తెరుచుకోవాలి. బ్రేకర్‌ను తెరిపించే ప్రతి ట్రిప్ కాయిల్‌కూ విడిగా, సర్క్యూట్‌ను కలిపే ఒక కాంటాక్ట్ కావాలి, ప్రతి బ్రేకర్‌ను మళ్లీ మూసే క్లోజింగ్ సర్క్యూట్‌నూ తెంచి ఉంచడానికి మరొకటి కావాలి, అలారానికి ఇంకొకటి కావాలి. ఒక్క కాయిల్‌కు వచ్చిన ఆదేశాన్ని ఇన్ని చోట్లకు ఒకేసారి చేర్చడానికే 86ను పెట్టారు.

ఇక మీ వ్యాసంలో నాకు ఎక్కువ అసంతృప్తి కలిగించిన భాగం, దాని లోపలి నిర్మాణాన్ని మీరు రెండు వాక్యాల్లో దాటవేయడం. ఇక్కడే ఆగి నిదానంగా రాయండి. చేత్తో రీసెట్ చేసే రకాన్ని తీసుకుందాం. ఆపరేటర్ ముందున్న పిడిని తిప్పి రీసెట్ స్థానానికి తెచ్చినప్పుడు లోపలి స్ప్రింగ్ బిగుసుకుంటుంది, ఒక లాచ్ (కొక్కెం) దానిని పట్టి ఉంచుతుంది. అంటే రాబోయే ట్రిప్‌కు కావలసిన శక్తిని ఆ చేయే ముందుగా సమకూర్చి పెడుతోంది. ఫాల్ట్‌ను గుర్తించిన రక్షణ రిలే కాంటాక్ట్ మూసుకుని బ్యాటరీ నుంచి డీసీ సరఫరా కాయిల్‌కు అందగానే, కాయిల్ చేయవలసిందల్లా ఆ లాచ్‌ను విడిపించడమే. మిగతా పని స్ప్రింగ్‌ది. అది షాఫ్ట్‌ను తిప్పుతుంది, షాఫ్ట్ మీద వరుసగా అమర్చిన కాంటాక్టులన్నీ కలిసి స్థానం మారుతాయి. తెరిచి ఉన్నవి మూసుకుని ట్రిప్ కాయిల్‌లకు కరెంటును పంపుతాయి, మూసి ఉన్నవి తెరుచుకుని బ్రేకర్ మళ్లీ మూసుకునే దారిని తెంచేస్తాయి. వేగంగా పనిచేసే రకాల్లో ఇదంతా దాదాపు 10 మిల్లీసెకన్లలో ముగుస్తుంది. 50 హెర్ట్జ్ సరఫరాలో ఒక సైకిల్‌కు 20 మిల్లీసెకన్లు పడుతుందని పక్కనే చెబితే ఆ సంఖ్యకు అర్థం ఏర్పడుతుంది. ఆ కాయిల్ ఎక్కువ సేపు కరెంటును భరించేలా తయారైనది కాదు కాబట్టి, షాఫ్ట్ తిరగగానే రిలే సొంత కాంటాక్ట్ ఒకటి కాయిల్ సర్క్యూట్‌ను కూడా తెరిచేస్తుంది. ఈ చిన్న వివరాన్ని వదలకండి, ఆ కాంటాక్ట్ లేకపోతే కాయిల్ కాలిపోతుంది.

ఈ నిర్మాణం అర్థమైన పాఠకుడికి మరొక సంగతి సులభంగా బోధపడుతుంది. రిలే ఒకసారి పనిచేశాక బ్యాటరీ సరఫరా పూర్తిగా పోయినా అది ఆ స్థితిలోనే ఉంటుంది, ఎందుకంటే దానిని పట్టి ఉంచేది కరెంటు కాదు, లోహంతో చేసిన యంత్రాంగం. అయితే పనిచేయడానికి ముందు డీసీ పోయినా, కాయిల్ తీగ తెగినా రిలే ఉండీ లేనట్టే. అందుకే కాయిల్‌తో వరుసలో ఒక చిన్న దీపాన్ని కలిపి, రిలేను పనిచేయించలేనంత స్వల్పమైన కరెంటును నిరంతరం పంపుతూ, సర్క్యూట్ బాగుందో లేదో కనిపెట్టే ఏర్పాటు చేస్తారు. ఆ దీపం ఆరిపోతే ఆపరేటర్ వెంటనే కారణం వెతకాలి.

తనంతట తాను రీసెట్ కాకపోవడమే ఈ రిలేకు ప్రాణం. మీరు దానిని చివరి పేరాలో ఒక వాక్యంగా పెట్టారు. నా మాట వింటే వ్యాసాన్ని అక్కడి నుంచే మొదలుపెట్టండి. ఓవర్‌హెడ్ లైన్ల మీద వచ్చే ఫాల్ట్‌లలో ఎక్కువ భాగం తాత్కాలికమైనవి. పిడుగు వల్ల ఇన్సులేటర్ మీదుగా ఏర్పడిన ఆర్క్, సరఫరా ఆగగానే ఆరిపోతుంది. కాసేపటికి బ్రేకర్‌ను మళ్లీ మూస్తే లైన్ మామూలుగా నడుస్తుంది. అందువల్ల అక్కడ బ్రేకర్‌ను దానంతట అదే మళ్లీ మూసుకోనిచ్చే ఆటో రీక్లోజ్ తగిన పద్ధతి. ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్‌లో ఇన్సులేషన్ దెబ్బతింటే అది దానంతట అది బాగుపడదు. ఆ స్థితిలో బ్రేకర్‌ను మళ్లీ మూస్తే అదే ఫాల్ట్ కరెంటు రెండోసారి ప్రవహించి, మరమ్మతుకు వీలున్న యంత్రాన్ని పనికిరాకుండా చేయవచ్చు, ట్యాంకు పగిలి నూనె అంటుకోవచ్చు. కాబట్టి ఒక మనిషి వచ్చి, ఏ రిలే ఫ్లాగ్ (అది పనిచేసిందని చూపే గుర్తు) పడిందో చూసి, బుకోల్జ్‌లో చేరిన వాయువును పరిశీలించి, ఇన్సులేషన్ పరీక్షలు జరిపించి, కారణం తేలిన తరువాతే పిడిని తిప్పాలి. ఏదైనా రిలే పంపిన ఆదేశం ఇంకా కొనసాగుతూ ఉండగా రీసెట్ చేస్తే 86 మళ్లీ ట్రిప్ అవుతుంది.

దూరం నుంచి విద్యుత్‌తో రీసెట్ చేసే రకాలూ ఉన్నాయి, మైక్రోప్రాసెసర్‌తో నడిచే న్యూమరికల్ రిలేల్లో ఇదే పనిని ప్రోగ్రామ్‌తో చేయించడమూ ఉంది; వాటిని ప్రస్తావిస్తే చాలు. నా మటుకు నాకు చేత్తో తిప్పేదే మేలనిపిస్తుంది, ఎందుకంటే ఆపరేటర్ ఫ్లాగుల ఎదుటికి రాక తప్పదు.

చివరిగా, మీ వ్యాసంలో ప్రమాదకరమైన మాట ఒకటి ఉంది. 'లాకౌట్ అయిన పరికరం మీద నిర్భయంగా పని చేసుకోవచ్చు' అన్న వాక్యాన్ని పూర్తిగా కొట్టివేయండి. 86 పనిచేసిందంటే బ్రేకర్లకు ట్రిప్ ఆదేశం వెళ్లిందనీ, మళ్లీ మూసే దారి తెగిందనీ మాత్రమే అర్థం. బ్రేకర్ నిజంగా తెరుచుకుందో లేదో చూడాలి, సర్క్యూట్‌ను కంటికి కనిపించేలా విడదీసే ఐసొలేటర్లు తెరవాలి, తాళాలు వేసి హెచ్చరిక పలకలు తగిలించాలి, సరఫరా లేదని పరికరంతో పరీక్షించి ఎర్తింగ్ చేయాలి, పని అనుమతి పత్రం తీసుకోవాలి. మీ పాఠకుల్లో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆపరేటర్లు కూడా ఉంటారు. వారు మీ వాక్యాన్ని నమ్మి చేయి పెట్టే ప్రమాదం ఉంది.

తిరగరాసే ముందు ఒక ట్రాన్స్‌ఫార్మర్ డీసీ ట్రిప్ సర్క్యూట్ డ్రాయింగ్‌ను ఎదుట పెట్టుకుని, మీ ప్రతి వాక్యం అందులోని ఏ గీతకు సంబంధించినదో వేలితో చూపగలరేమో పరీక్షించుకోండి. చూపలేని వాక్యాన్ని తీసివేసి, సవరించిన ప్రతిని ఆ డ్రాయింగ్‌తో పాటు నాకు పంపండి.

ఆశీస్సులతో,
మీ శ్రేయోభిలాషి