ఊరూరా తిరిగే ఐస్ షోలకి ఆద్యురాలు సోన్యా హెనీయేనా?

అందరూ ఈ నార్వే స్కేటర్ పేరే చెప్తారు. 1928, 1932, 1936... వరసగా మూడు ఒలింపిక్ స్వర్ణాలు, ఆపైన హాలీవుడ్డు. పేరు నిలవక ఏమవుతుంది! కానీ షార్లెట్ అనే జర్మన్ అమ్మాయి 1915లోనే న్యూయార్క్‌లోని హిప్పోడ్రోమ్ థియేటర్లో ఐసు మీద ప్రదర్శన రక్తి కట్టించింది. 1936లో అమెరికాలోని టల్సాలో మొదలైన ఐస్ ఫాలీస్ బృందం ఊళ్లు తిరిగింది. 1940 నాటి ఐస్ కపేడ్స్ షో అయితే ఐస్ హాకీ లేని రోజుల్లో హాళ్లు ఖాళీగా ఉండకూడదని అరీనాల యజమానులు పెట్టుకున్నదే.

నన్నడిగితే అసలు హీరో నీళ్లని ఐసుగా మార్చే గొట్టం. అమెరికాలోని టొలీడోకి చెందిన ఎమెరీ గిల్బర్ట్ విప్పి లారీలో వేసుకెళ్లే రింకు (స్కేటింగ్ చేసే ఐసు నేల) తయారుచేశాడు. 1943లో హాలిడే ఆన్ ఐస్ అనే షో దాని మీదే పుట్టింది. దాంతో ఐసు లేని ఊరికి కూడా షో వెళ్లగలిగింది.

ఆ రింకు పరవడం చూస్తే డాన్సు సులువనిపిస్తుంది. కింద ఫోము, దాని మీద ప్లాస్టిక్ పట్టా, ఆపైన గొట్టాలు. వాటిలో సుమారు మైనస్ 10 డిగ్రీల గ్లైకాల్, అంటే అంత చలిలోనూ గడ్డకట్టని ద్రవం, తిరుగుతుంది. నీళ్లు ఒక్కసారిగా పోశారో, నేల ఏ మూలకి వాలితే ఆ మూలకే పోతాయి: అక్కడ బెత్తెడు మందం, ఇవతల గొట్టాలు బయటికే. అందుకే పలచగా చల్లాలి, గడ్డకట్టాక మళ్లీ చల్లాలి, నాలుగైదు సెంటీమీటర్లు వచ్చేదాకా. మధ్యలో ఒక పొర తెల్లరంగు. ముదురు రంగు బొమ్మ వేస్తే లైట్ల వేడి పీల్చి అక్కడే మెత్తబడుతుంది.

ఎక్కడైనా జాయింటు కారిందా, అక్కడ ఐసు గట్టిపడదు, సంకటిలా ఉంటుంది. ఆ వరస వాల్వు కట్టేసి, పాడైన ఐసంతా చెక్కి తీసేసి, జాయింటు బిగించాకే మళ్లీ నీళ్లు. పైనుంచి చల్లితే లాభం లేదు, గ్లైకాల్ కొత్త నీళ్లనీ పాడుచేస్తుంది.

పైభాగం మైనస్ 3, 4 దగ్గర ఉండాలి. మరీ చల్లబడితే గెంతి దిగినచోట పెళ్లలు లేస్తాయి. జుట్టులోంచి రాలిన ఒక్క తలపిన్ను చాలు, అతుక్కుపోయి తర్వాతి స్కేటర్ని బోర్లా పడేయడానికి. సోన్యా కూడా 1950లో తన షోకి ఐసు పైభాగాన్ని చెక్కి నునుపు చేసే జాంబోనీ యంత్రం కొనుక్కుంది మరి!

ఇప్పుడు ప్లాస్టిక్ పలకలు పరిచి దాన్నీ ఐస్ షో అనేస్తున్నారు. జారుడు తక్కువ, బ్లేడు పదును ఊరికే పోతుంది. దానికి టికెట్టు కూడానా!

షో అయ్యాక అదే గొట్టాల్లోకి వెచ్చటి గ్లైకాల్ వదుల్తారు. ఐసు అడుగు వదులవుతుంది. గొట్టాలకి దెబ్బ తగలకుండా పగలగొట్టి, పారలతో హాలు వెనక్కి ఎత్తిపోస్తారు.