పాత మిషన్ సగం ధరకే వచ్చింది, మరి మిగతా సగం?

ప్రశ్న: హైదరాబాద్ అశోక్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ల దగ్గర నాకు చిన్న జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. దాచుకున్న 90 వేలకు గిరిగిరి ఫైనాన్స్‌లో తెచ్చిన 45 వేలు కలిపి 8 నెలల కిందట సెకండ్‌హ్యాండ్ జిరాక్స్ మిషన్, రెండు పాత కంప్యూటర్లు కొన్నాను. గిరిగిరి అంటే రోజుకు 500 చొప్పున వంద రోజులు కట్టే అప్పు; ఒకటి తీరగానే ఇంకోటి తీసుకుంటూ ఇప్పుడు మూడోది కడుతున్నాను. ముందు డ్రమ్ పోయింది, తర్వాత పొడి ఇంకును వేడితో కాగితానికి అంటించే ఫ్యూజర్ పోయింది. స్పేరు సికింద్రాబాద్‌లో ఐదో రోజే దొరికినా 11 వేలు కుదరక మిషన్ 19 రోజులు ఆగింది. చివరికి బామ్మర్ది ఇచ్చాడు. ఇప్పుడు కాపీల మీద నల్ల గీత పడుతోంది. మెకానిక్ ఇంకో పాత మిషన్ 70 వేలకు ఇప్పిస్తానంటున్నాడు. క్రెడిట్ కార్డు మీద నగదు తీయాలా, మా ఆవిడ బంగారం తాకట్టు పెట్టాలా?

జవాబు: ఆ మిషనే వద్దు. డబ్బు ఎక్కడ తేవాలన్నది తర్వాత మాట.

పాత సరుకు కొనడం తప్పని నేననను. చేతిలో ఉన్నదంతా పోసి కొనడం తప్పు. ఈ పొరపాటు చేసి నా దగ్గరికి వచ్చేవాళ్లు చాలామందే, అందుకే మీ ఉత్తరం వేస్తున్నాను. కొత్త మిషన్‌కు వారంటీ ఉంటుంది. పాతదానికి మీ ఖాతాలో ఉన్న డబ్బే వారంటీ. మీరు ఆ వారంటీనే అమ్మి మిషన్ కొన్నారు. 19 రోజుల్లో 14 రోజులు షాపు ఆగింది స్పేరు లేక కాదు, 11 వేలు లేక. కోచింగ్ పిల్లలు నోట్సులు పట్టుకుని పక్క గల్లీకి పోయారు. అద్దె ఆగిందా? రోజూ కట్టే 500 ఆగిందా?

ఆ 500 సంగతీ చూద్దాం. చేతికొచ్చింది 45 వేలు, వంద రోజుల్లో కట్టేది 50 వేలు. పది శాతమే కదా అనుకుంటారు. రోజూ కడుతూ ఉంటే అసలు తరుగుతూ పోతుంది కాబట్టి ఏడాది లెక్కన అది 75 శాతం పైమాటే. అలాంటిది మూడోసారి తిప్పుతున్నారు! వ్యాపారం మీదా, ఆ ఫైనాన్స్‌వాడిదా? కార్డు మీద నగదు తీస్తే ఫీజు ఒకటి, తీసిన రోజు నుంచే వడ్డీ ఇంకొకటి. బంగారం ఇంట్లోనే ఉండనివ్వండి.

నల్ల గీత గురించి ఒక మాట. మా ఆఫీసు పాత మిషన్‌కూ ఇలాగే పడితే ఓ మెకానిక్ నాకు కొత్త డ్రమ్ అంటగట్టాడు. గీత మాత్రం పోలేదు. కాగితాన్ని పై ఫీడర్‌లో పెడితే గీత వచ్చి, పెద్ద అద్దం మీద పెడితే రాకపోతే, పక్కనున్న సన్నటి అద్దం పట్టీ మీద మరక ఉన్నట్టే. మెత్తటి గుడ్డతో తుడిచి చూడండి. 70 వేల ముచ్చట తర్వాత.

పాత కంప్యూటర్లలో ఒకటి పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, అను తెలుగు ఫాంట్ల కోసం ఉంచుకోండి, పెళ్లికార్డుల పని దాంట్లోనే కదా. కానీ నెట్ పీకేయండి. పాతవాటిలో ఉండేది విండోస్ 10 లేదా అంతకన్నా పాతదే అయితే, విండోస్ 10కే మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. జనం ఆధార్లు, పాన్‌కార్డులు పంపాల్సింది అందులోకి కాదు.

మిషన్ అద్దెకు, కాపీకింత అని, సర్వీసుతో కలిపి ఇచ్చేవాళ్లను అడిగి చూడండి. కొత్తదే కావాలంటే చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర రుణాల్లో కిశోర్ రకం కింద 5 లక్షల దాకా ఉంది, కానీ అదీ రిపేర్లకు, అద్దెకు చేతిలో కొంత నిధి చేరాకే. ఆస్పత్రి ఖర్చు ఆ నిధిని మింగకుండా, ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి.

గిరిగిరి ఇంకా 60 రోజులు మిగిలి ఉండాలి. వడ్డీ ముందే కోసుకున్నాడు కాబట్టి ఇప్పుడు తొందరపడి తీర్చినా మీకు కలిసొచ్చేదేమీ లేదు. కట్టేయండి, నాలుగోది తీసుకోకండి. 61వ రోజు నుంచి అదే 500, వాడు వచ్చే టైముకే, వేరే బ్యాంకు ఖాతాలో వేయండి. మొదటి 50 వేలు మిషన్ రిపేర్లవి. ఆ తర్వాత జమయ్యేది మూడు నెలల అద్దె, ఇంటి ఖర్చు. ఆ ఖాతాకు ఏటీఎం కార్డు తీసుకోకండి, ఫోన్‌పే కలపకండి.