టెక్ సందేహాలు: యాప్‌లో నూరు శాతం, వ్యాన్‌లో చీకటి

సందేహం: మా క్యాంపర్ వ్యాన్ పైకప్పు మీద 200 వాట్ల సోలార్ ప్యానెల్ పెట్టించాం. లోపల 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ ఉంది. నడిచేది చిన్న ఫ్రిజ్, రెండు లైట్లు. ఇన్వర్టర్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది గానీ దానికి ఏమీ తగిలించం. సాయంత్రం యాప్ 100 శాతం చూపిస్తుంది. మూడు రోజులు బాగానే నడిచి, ఓ రాత్రి ఉన్నట్టుండి అన్నీ ఆరిపోతాయి. ప్యానెల్ పాడైందా?

జవాబు: ప్యానెల్ మీద నేరం మోపకండి. ఇదే ఫిర్యాదు వేషం మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తోంది. చాలాసార్లు దొంగ ఆ నూరు శాతమే.

మామూలు ఛార్జ్ కంట్రోలర్, అంటే ప్యానెల్ కరెంటుని అదుపు చేసి బ్యాటరీకి పంపే పెట్టె, బ్యాటరీలో ఎంత మిగిలిందో కొలవదు. వోల్టేజీ చూసి ఊహిస్తుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీల కాలంలో ఆ ఊహ కొంత పనికొచ్చేది. బ్యాటరీ ఖాళీగా కూర్చున్నప్పుడు 12.7 వోల్టులుంటే నిండినట్టు, 12.2కి దిగితే సగమైనట్టు. వ్యాన్లలో వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అలా కాదు. 80 శాతానికీ 40 శాతానికీ మధ్య తేడా వోల్టులో అయిదో వంతు ఉంటే గొప్ప. నిండుకుండ తొణకదంటారు, ఇక్కడ సగం కుండ కూడా తొణకదు. సగం ఖర్చయినా 13 వోల్టుల పైనే ఉంటుంది కాబట్టి, పాత కొలబద్ద పెట్టుకున్న కంట్రోలర్ కళ్లకి అది ఎప్పుడూ నిండుగానే కనిపిస్తుంది.

ఇప్పుడు మీ జమాఖర్చులు చూద్దాం. ప్యానెల్ మీద రాసిన 200 వాట్లు ప్రయోగశాల లెక్క. చదరపు మీటరుకి 1000 వాట్ల ఎండ పడుతూ, సెల్ వేడి 25 డిగ్రీలే ఉన్నప్పటి మాట. ఎండలో రేకు మీద పడుకున్న ప్యానెల్ 60 డిగ్రీలు ఇట్టే దాటుతుంది. 25 దాటాక ప్రతి డిగ్రీకీ సుమారు మూడో వంతు శాతం ఉత్పత్తి పోతుంది. పైగా అది సూర్యుడి వైపు వంగి లేదు, పైకప్పుకి సమాంతరంగా ఉంది. నిండు ఎండ నాలుగు గంటలకు సరిపడా పడిందనుకుంటే, అన్ని నష్టాలూ పోను రోజుకి 560 వాట్ అవర్లు చేతికొస్తాయి. ఫ్రిజ్ 45 వాట్ల చొప్పున రోజులో సగం సేపు తిరిగితే 540. ఇంతవరకూ సరికి సరి. ఏమీ తగిలించని మీ ఇన్వర్టర్ ఉంది చూశారూ, అది ఊరికే ఆన్‌లో ఉన్నందుకే గంటకి 15 వాట్ అవర్లు తాగిందనుకోండి, రోజుకి 360. అదీ చిల్లు. మీ బ్యాటరీలో పట్టేది 1280 వాట్ అవర్లు. రోజుకి 340, లైట్లతో కలిపి ఇంకొంచెం, లోటు పడుతుంటే నాలుగో రాత్రి దీపం ఆరక ఏం చేస్తుంది?

ఇన్వర్టర్ అవసరమైనప్పుడే వేయండి. బ్యాటరీ నెగటివ్ వైపు షంట్, అంటే తన గుండా పోయే కరెంటుని కొలిపించే చిన్న లోహపు ముక్క, ఉన్న మీటరు పెట్టించండి. అది వచ్చిన కరెంటునీ పోయిన కరెంటునీ నిజంగా లెక్కపెడుతుంది. నెగటివ్ వైర్లన్నీ షంట్ అవతలి నుంచే రావాలి. ఎవరో తొందరలో ఫ్రిజ్ వైరుని నేరుగా బ్యాటరీకి బిగించారంటే ఆ మీటరు చెప్పేదీ అబద్ధమే. పైన ఫ్యాన్ మూత నీడో, సామాను కడ్డీ నీడో ప్యానెల్ మీద పడుతోందేమో కూడా చూడండి. సెల్స్ వరసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒక్కదాని మీద నీడ పడితే దాని వరసంతా కుంటుతుంది.

సందేహం: నలుగురితో పాటు వ్యాన్ ఆపిన చోట యాప్ తెరిస్తే మా బ్యాటరీతో పాటు వేరేవాళ్ల బ్యాటరీ కూడా కనిపించింది. పొరపాటున నొక్కితే పాస్‌వర్డ్ అడక్కుండానే తెరుచుకుంది. ఇది మామూలేనా?

జవాబు: మామూలే. నా టెన్షన్ కూడా అదే.

లిథియం బ్యాటరీ లోపల బీఎంఎస్ అనే కాపలాదారు ఉంటుంది. వోల్టేజీ మితిమీరినా, వేడి పెరిగినా, చలి మరీ ఎక్కువైనా కరెంటుని తెంచడం దాని పని. ఆ కాపలాదారుకి బ్లూటూత్ తగిలించి, పిన్ లేకుండానో, ఆరు సున్నాలు పిన్‌గా పెట్టో అమ్ముతున్నారు. పక్క వ్యాన్‌లో కూర్చున్నవాడు మీ శాతం ఎంతో చూశాడంటే పోనీలే అనుకోవచ్చు. కానీ కొన్ని యాప్‌లలో చూసే తలుపూ మార్చే తలుపూ ఒకటే. ఒక మీట జరిపితే మీ ఫ్రిజ్, హీటర్, లైట్లు ఆగిపోతాయి. అది వెంటనే తెలుస్తుంది గనక నయం. తెలియని మార్పులే ప్రమాదం. సున్నా డిగ్రీల కింద లిథియం బ్యాటరీని ఛార్జ్ చేయకూడదు. చేస్తే లోపల లోహపు లిథియం పొరలా పేరుకుంటుంది, ఆ నష్టం తిరిగి రాదు, లోపల షార్ట్ అయ్యే ముప్పు కూడా ఉంది. ఆ చలి హద్దుని ఎవరో తీసేసినా, కంట్రోలర్‌లో బ్యాటరీ రకాన్ని లెడ్ యాసిడ్‌గా మార్చేసినా, ఏ గంటా మోగదు. చాలామంది సెట్టింగ్‌ల పేజీ తెరిచేది కొన్నరోజునే.

ఇంకో సంగతి. ఈ పరికరాలు తమ పేరు చుట్టూ చాటుకుంటూనే ఉంటాయి. 'ఇదిగో, ఈ బండిలో ఖరీదైన లిథియం ఉంది' అని చాటింపు వేసినట్టే. క్లౌడ్‌కి కలిపారంటే బండి ఎక్కడుందో, రాత్రి ఎన్నింటికి లైటు ఆరిందో, లోపల మనుషులు ఉన్నారో లేదో కూడా ఆ వాడకం గీతలో తెలిసిపోతుంది.

పిన్ ఈరోజే మార్చండి. బండి నంబరు పెట్టకండి, అది వెనకాలే రాసుంటుంది. పిన్ సౌకర్యమే లేకపోతే, బ్లూటూత్ ముక్క విడిగా తగిలించే రకమైతే పీకి పక్కన పెట్టండి. పరికరం పేరు మార్చే వీలుంటే ఏ ఊసూ చెప్పని పేరు పెట్టండి. యాప్ లొకేషన్ అడిగితే ఒక్క క్షణం ఆగండి. ఆండ్రాయిడ్ 11 వరకూ బ్లూటూత్ పరికరాలను వెతకాలంటే ఆ అనుమతి నిజంగానే కావాలి. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి సమీప పరికరాల కోసం వేరే అనుమతి ఉంది. కొత్త ఫోన్‌లో కూడా లొకేషన్ ఇస్తే గానీ కదలనని మొండికేసే యాప్‌కీ, కాంటాక్ట్‌లు అడిగే యాప్‌కీ ఇవ్వాల్సిన జవాబు ఒకటే, వద్దు. పెట్టె మీది క్యూఆర్ కోడ్ స్టోర్‌కి కాకుండా ఏదో ఫైల్ డౌన్‌లోడ్‌కి తీసుకెళ్తే అక్కడే వెనక్కి తిరగండి.

అన్నట్టు, మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో ఆ పొరుగువారి బ్యాటరీ సీరియల్ నంబరు స్పష్టంగా ఉంది. నేను తుడిచేశాను. ఇంకెవరికైనా పంపి ఉంటే మీరూ తుడిపించండి.

ఇక్కడ సందేహం పక్కన పెట్టి నా గోడు చెప్పుకోవాలి. ప్యానెల్‌కి 25 ఏళ్ల హామీ ఇస్తారు. దాన్ని నడిపే యాప్‌కి రెండు ఫోన్లు మారేంత ఆయుష్షు కూడా లేదు. మూడు లైట్లు, రెండు బటన్లు ఉంటే సరిపోయే పెట్టెకి తెర తీసేసి, బటన్లు తీసేసి, అన్నీ ఫోన్‌లో పెట్టారు. ఫోన్ ఛార్జ్ అయిపోతే బ్యాటరీ సంగతి చూడలేం, బ్యాటరీ సంగతి చూడకపోతే ఫోన్ ఛార్జ్ అవదు! దానికి తోడు అప్‌డేట్లు. నా దగ్గరున్న ఒక కంట్రోలర్ అప్‌డేట్ ముగించి, నేను పెట్టిన లిథియం సెట్టింగ్ చెరిపేసి, చడీచప్పుడు లేకుండా ఫ్యాక్టరీ సెట్టింగ్‌కి వెళ్లిపోయింది. వారం తర్వాత గానీ చూసుకోలేదు. అప్పటి నుంచి వోల్టేజీ అంకెలు కాగితం మీద రాసి అలమర తలుపు లోపల అంటించాను. మీరూ అంటించండి. అప్‌డేట్ పొద్దున పూట, పని లేని రోజున చేయండి, అయ్యాక ప్రతి అంకె సరిచూడండి.

సందేహం: చదరపు మీటరు కూడా లేని మడత ప్యానెల్‌ని 400 వాట్లు అంటున్నారు. కొనొచ్చా?

జవాబు: పైన పటారం, లోన లొటారం. చదరపు మీటరు మీద పడే నిండు ఎండే 1000 వాట్లు. అందులో మంచి ప్యానెల్ కరెంటుగా మార్చేది 22 శాతం అటూ ఇటూ. సిలికాన్ సెల్‌కి సిద్ధాంతపరమైన హద్దే 30 శాతం లోపు. కాబట్టి టేపు తీసుకుని పొడవూ వెడల్పూ కొలవండి, అమ్మేవాడు ఏం రాశాడో చదవక్కర్లేదు.

సందేహం: వ్యాన్ రెండు నెలలు కదల్లేదు. పైన సోలార్ ఉన్నా ఇంజిన్ స్టార్ట్ కాలేదు. ఎందుకు?

జవాబు: మీ సోలార్ లోపలి బ్యాటరీకే వెళ్తోంది, ఇంజిన్ బ్యాటరీకి దారి లేదు. అలారం, ట్రాకర్ లాంటివి దాన్ని రోజూ కొంచెం కొంచెం తాగేశాయి. లోపలి బ్యాటరీ నిండాక మిగిలింది ఇంజిన్ బ్యాటరీకి పంపే చిన్న ఛార్జర్ దొరుకుతుంది, మధ్యలో ఫ్యూజుతో బిగించమనండి. బిగించేటప్పుడు ముందు ప్యానెల్ వైరు విప్పాలి, ఆ తర్వాతే బ్యాటరీది. కలిపేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్. తారుమారైతే చాలా కంట్రోలర్లు తట్టుకోలేవు.